సినిమా పిస్తోలూ, మా మామ రివాల్వరూ

పోయిన ఆదివారం ఇంటిల్లిపాదిమీ నంద్యాలలో సినిమాకు వెళ్ళాం. ఏ సినిమా అని అడక్కండి. ఆ హీరోగారి అభిమానులు మా కాలేజీలోనే ఒక రెండు వందల మంది వుంటారు. పరీక్షల ముందు వాళ్ళతో నాకు తగువెందుకు?

మా వాడికి పన్నెండేళ్ళు. లెక్కల్లో గట్టివాడు. అందులో నా పోలిక రాలేదు, వాళ్ళమ్మ పోలిక వచ్చింది. హీరో రివాల్వరు బయటికి తీసింది మొదలు వీడు వేళ్ళు ముడుస్తూ కూర్చున్నాడు. హాలంతా ఈలలు వేస్తూ వుంటే వీడొక్కడే చిట్టా రాసే గుమాస్తా మొహం పెట్టాడు. బయటికి వచ్చాక అడిగాడు:

"నాన్నా, ఆ రివాల్వరులో ఎన్ని తూటాలు పడతాయి?"

"ఆరు."

"మరి ఇరవై మూడు కాల్చాడే! మధ్యలో ఒక్కసారీ నింపుకోలేదే!"

ఎమ్మే తెలుగు చదివినందుకు ఇలాంటప్పుడైనా అక్కరకు రావాలిగా. "అది అక్షయ తూణీరం లాంటిది రా. ఖాండవ దహనం వేళ అగ్నిదేవుడు వరుణుణ్ణి అడిగి అర్జునుడికి ఇప్పించాడే, ఆ వంశంది" అన్నాను. మా ఆవిడ నవ్వింది. వాడు నవ్వలేదు.

అంతటితో అయిపోతే ఈ వారం మీకు వేరే సంగతేదో రాసేవాణ్ణి. సాయంత్రం వాడు దీపావళి నాటి బొమ్మ పిస్తోలు వెతికి తీశాడు. హీరో తిప్పినట్టే వేలి మీద గిర్రున తిప్పి, చదువుకుంటున్న చెల్లెలి చెవి దగ్గర పెట్టి "కదిలావో..." అన్నాడు. వంటింట్లోంచి వస్తున్న మా ఆవిడ చేతిలో పళ్ళెం జారి కింద పడింది. ఆ బొమ్మ ఇంట్లో ఏడాదిగా వుంది, ఆమె ఎన్నడూ ఏమీ అనలేదు. ఇప్పుడు గబగబా వచ్చి, వాడి చేతిలోంచి అది లాక్కుని, నా వైపు చూసింది. ఆ చూపు ఏమిటో నాకు తెలుసు. మీకు చివర చెబుతాను. ముందు ఈ సినిమా పిస్తోళ్ళ సంగతి చూద్దాం.

మా ప్రాంతానికి ఈ విషయంలో లేనిపోని కీర్తి వుంది. గోదావరి జిల్లా నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చిన మిత్రుడొకాయన మొదటి వారంలోనే నన్ను పక్కకు పిలిచి, "మాస్టారూ, మీ వైపు మగవాళ్ళందరి నడుముకీ పిస్తోలు వుంటుందటగా?" అన్నాడు. నేను జేబులో చెయ్యి పెట్టాను. పాపం, ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. నా జేబులో వున్నది సుద్దముక్క.

ఆయన తప్పేమీ లేదు. 'సమరసింహారెడ్డి' (1999), 'నరసింహనాయుడు' (2001), 'ఇంద్ర' (2002) చూసి వచ్చినవాళ్ళకు సీమ అంటే ఆ బొమ్మే కళ్ళ ముందు నిలుస్తుంది. ఇక్కడ కక్షలు లేవని నేను అబద్ధమాడను. ఆ కక్షల వల్ల కడుపుకోత పడ్డ తల్లులు మా పల్లెల్లో వున్నారు. కాని ఆ పాపిష్టి పనులకు ఎక్కువగా వాడినవి వేటకొడవళ్ళూ నాటుబాంబులూను. పిస్తోలు చాలా అరుదు. లైసెన్సు రివాల్వరు వున్న ఆసామి వున్నా, ఎన్నికల ప్రకటన రాగానే దాన్ని సంచిలో పెట్టుకుని పోలీసు స్టేషనుకు తీసుకువెళ్ళి, రశీదు తీసుకుని రావలసిందే. మా వైపు ఎన్నికలు వస్తున్నాయనడానికి అదొక గుర్తు. ఇక ఆళ్ళగడ్డలో బస్సు దిగితే మీ చెవిన పడేది తుపాకి మోత కాదు, ఉలి చప్పుడు. రాతిలోంచి దేవుళ్ళను తీసే శిల్పుల ఊరది.

ఆ ఆళ్ళగడ్డకూ కోయిలకుంట్లకూ నడుమనే ఉయ్యాలవాడ. నరసింహారెడ్డి 1846 జూలైలో కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కుంపిణీవాళ్ళు ఆయన్ను కోయిలకుంట్లలోనే ఉరితీశారు. 2019లో ఆయన కథ 'సైరా'గా వచ్చినప్పుడు మా విద్యార్థులు బస్సులు కట్టుకుని వెళ్ళి చూశారు. ఆ రోజుల్లో తుపాకి పేల్చడం ఎంత తతంగమో మా పిల్లలకు అప్పుడే చెప్పాను. గొట్టం మూతిలోంచి మందు పొయ్యాలి, గుండు వెయ్యాలి, కమ్మీతో దట్టించాలి, ఆపైన గురి. తర్ఫీదున్న సిపాయి కూడా నిమిషానికి రెండు మూడు సార్లకు మించి పేల్చలేడు. అమెరికాలో శామ్యూల్ కోల్టు తిరిగే గూళ్ళున్న రివాల్వరుకు 1836లోనే పేటెంటు తీసుకున్నాడు. అయినా గూళ్ళు ఆరైతే దెబ్బలు ఆరే.

మాట వచ్చింది గనక చెబుతాను. 'తుపాకి' మన మాట కాదు. తురుష్కుల నోటా పారశీకుల నోటా నాని మన దాకా వచ్చింది. 'పిస్తోలు' ఐరోపా నుంచి ఓడ దిగింది. అచ్చంగా మన సొత్తు అనదగిన తుపాకి మనిషి ఒకడే: తుపాకి రాముడు. ఖాకీ చొక్కా, నెత్తిన టోపీ, భుజాన కర్ర తుపాకి పెట్టుకుని, లేని జమీనూ చంపని పులులూ తనవని కోతలు కోస్తూ ఊరూరా తిరిగే ఆ పిట్టలదొరను మీరు చూసే వుంటారు. అతని కోతలకు జనం నవ్వేవారు, గింజలు పెట్టి పంపేవారు. నమ్మేవారు కాదు. 'గూఢచారి 116' (1966) నాటి నుంచి, థార్ ఎడారిలో తీసిన 'మోసగాళ్ళకు మోసగాడు' (1971) నుంచి, ఇవాళ్టి సినిమా దాకా మన తెర మీది తుపాకి వీరులంతా ఆ రాముడి మనుమలే. తేడా ఏమిటంటే తాతను చూసి నవ్వాం, మనుమణ్ణి నమ్ముతున్నాం.

ఆ నమ్మకంలో మొదటిది చప్పుడు. సినిమాలో గదిలో నలుగురు పిస్తోళ్ళు కాల్చుకుని, మరుక్షణం గుసగుసలాడుకుంటారు. మనం మామూలుగా మాట్లాడుకునే మాట 60 డెసిబెల్సు వుంటుంది. పిస్తోలు పేలితే 150 నుంచి 160. 140 దాటిన చప్పుడు ఒక్కసారి పడినా చెవికి శాశ్వతంగా హాని కలగవచ్చు. నాలుగు గోడల మధ్య పేలితే మరీ ఘోరం. చేతిలో వున్నవాడికీ, ఎదురుగా వున్నవాడికీ ఇద్దరికీ ముప్పే. 'సైలెన్సరు' బిగిస్తే సోడా మూత తీసినట్టు 'పిస్సు'మంటుందని చూపిస్తారు. అది తగ్గించేది 20, 30 డెసిబెల్సు. మిగిలింది సుత్తితో రేకు మీద బాదినట్టే వుంటుంది. పైగా దాన్ని రివాల్వరుకు కూడా బిగిస్తారు మన దర్శకులు. రివాల్వరులో తిరిగే చక్రానికీ గొట్టానికీ మధ్య సన్నని సందు వుంటుంది. చప్పుడు ఆ సందులోంచే వెళ్ళిపోతుంది. ఒకటీ అరా జాతి తప్ప ఏ రివాల్వరుకూ సైలెన్సరు పనికిరాదు.

రెండోది దెబ్బ. తూటా తగిలిన విలన్ అద్దాలు పగలగొట్టుకుని పది అడుగుల దూరాన పడతాడు. మా ఫిజిక్సు లెక్చరరు టీ తాగుతూ లెక్క వేసి చూపించాడు. .32 తూటా బరువు ఆరు గ్రాముల చిల్లర. వేగం సెకనుకు 200 మీటర్ల పైచిలుకు. 60 కిలోల మనిషికి అది ఇచ్చే తోపుడు సెకనుకు రెండు సెంటీమీటర్ల వేగం. నందికొట్కూరు బస్సులో వెనకవాడు మనల్ని అంతకు పదింతలు తోస్తాడు. మనిషిని విసిరికొట్టేంత బలం ఆ తూటాకే వుంటే, కాల్చినవాడు కూడా అంత దూరమూ వెనక్కి ఎగిరిపోవాలి. న్యూటను మహాశయుడి మూడో సూత్రానికి హీరో, విలన్ అనే పక్షపాతం లేదు.

మూడోది గురి. గుర్రం మీద వెళుతూ, ఎడమ చేత్తో, వెనక్కి చూడకుండా కాల్చి ఉరితాడు తెంచడం మనం చూశాం. నిజం చెప్పాలంటే న్యూయార్కు పోలీసుల మీద 2008లో వచ్చిన ఒక పరిశీలన చూడాలి. 1998 నుంచి 2006 వరకు ఎదురుకాల్పుల్లో వాళ్ళు కాల్చినవాటిలో తగిలినవి సగటున నూటికి 18. తర్ఫీదు పొంది, రోజూ నడుముకు కట్టుకు తిరిగేవాళ్ళ సంగతి ఇది. మిగిలిన 82 ఎక్కడికి వెళ్ళినట్టు? గోడల్లోకి, బళ్ళలోకి, దారిన పోయేవాళ్ళ మీదికి. సినిమాలో తప్పిన తూటాకు ఊరూ పేరూ వుండదు. బయట తప్పిన ప్రతి తూటా ఎక్కడో ఒకచోట ఆగుతుంది.

నిజమైన గురి ఎలా వుంటుందో చూడాలంటే మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్‌ను చూడండి. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో, 2023లో, పిస్తోలు పోటీల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. ఎయిర్ పిస్తోలు పోటీలో పది మీటర్ల దూరాన వున్న పదో వలయం అడ్డం 11.5 మిల్లీమీటర్లు. మన చొక్కా బొత్తమంత. దాన్ని కొట్టేవాళ్ళు గెంతరు, వేలి మీద తిప్పరు, కళ్ళజోడు ఎగరేసి పట్టుకోరు. రాయిలా నిలబడి, ఊపిరి బిగించి, గుండె దడ కూడా చేతికి తెలియకుండా వేలు మాత్రం మెల్లగా లాగుతారు. చూడడానికి మహా విసుగ్గా వుంటుంది. మన శిల్పులు ఉలి పట్టడం కూడా అలాగే వుంటుంది.

నాలుగోది గాయం. హీరోకు తూటా ఎప్పుడూ భుజంలోనే తగులుతుంది. హీరోయిన్ చీర కొంగు చింపి కట్టు కడుతుంది. తరవాత పాట. మనిషి భుజం దిండు కాదు. చేతికి నెత్తురు తీసుకువెళ్ళే పెద్ద ధమని, చేతిని కదిలించే నరాల కట్ట అక్కడే వున్నాయి. ధమని తెగితే నిమిషాల మీద ప్రాణం పోతుంది. నరాలు తెగితే చెయ్యి వుండీ లేనట్టే. కత్తి కాల్చి తూటా పెరికెయ్యడం ఒకటి. అసలు డాక్టర్లు చాలాసార్లు తూటాను లోపలే వదిలేస్తారు. తీయబోతే జరిగే హాని వుంచితే జరిగేదానికన్నా ఎక్కువ.

ఇలాంటివి చదివి రచయితకు చెప్పినవాడొకడున్నాడు. బాయిల్డ్ అండ్ గారిష్ అనుకోకండి, జేమ్స్ బాండ్ కథలకు కూడా ఇలాంటి చదువరి దొరికాడు. జెఫ్రీ బూత్రాయిడ్ అనే తుపాకుల పండితుడు 1956లో ఇయాన్ ఫ్లెమింగ్‌కు, "మీ బాండు చేతిలో పెట్టింది ఆడవాళ్ళ పిస్తోలు, మార్చండి" అని ఉత్తరం రాశాడు. ఫ్లెమింగ్ కోపం తెచ్చుకోలేదు. పిస్తోలు మార్చాడు. 1958లో వచ్చిన 'డాక్టర్ నో'లో ఆయుధాలిచ్చే మేజరుకు ఆయన పేరే పెట్టాడు. మన సినిమా రచయితలు కూడా ఉత్తరాలు చదువుతారేమో, నేనైతే మా వాడి చిట్టా పంపుదామనుకుంటున్నాను.

ఇంతవరకూ నవ్వుకున్నాం. ఇక నవ్వడానికి వీల్లేనిది ఒకటుంది. ఉత్త మందే గాని తూటా లేని 'ఖాళీ' గుళ్ళు సినిమాల్లో వాడతారు. 1984లో జాన్ ఎరిక్ హెక్సమ్ అనే అమెరికా నటుడు షూటింగు మధ్య విసుగెత్తి, అలాంటి రివాల్వరును కణతకు ఆనించి సరదాగా నొక్కాడు. తూటా లేకపోయినా ఆ మందు తోపుడే కణత ఎముక పగలగొట్టింది. బతకలేదు. 1993 మార్చి 31న బ్రాండన్ లీ పోయాడు. బ్రూస్ లీ కొడుకు. అంతకు ముందు వాడిన ఉత్తుత్తి గుండులోని ముక్క ఒకటి గొట్టంలో ఇరుక్కుని వుంది. ఎవరూ చూసుకోలేదు. దాని వెనక ఖాళీ గుండు పేల్చేసరికి ఆ ముక్క వెళ్ళి కడుపులో దిగింది. 2021 అక్టోబరు 21న 'రస్ట్' సినిమా సెట్టు మీద హెలీనా హచిన్స్ అనే కెమెరా నిపుణురాలు చనిపోయింది. ఆ రివాల్వరులో అసలు తూటా లేదని అందరూ అనుకున్నారు.

అనుకున్నారు. ఈ మాట దగ్గరే నా కథ వుంది.

1992 ఎండాకాలం సెలవులు. నాకప్పుడు మా వాడి వయస్సే. ఆళ్ళగడ్డ అవతల పల్లెలో మా మేనమామ ఇల్లు. మామకు వాళ్ళ నాయన నాటి పాత వెబ్లీ రివాల్వరు వుండేది, లైసెన్సుతో. ఒక మధ్యాహ్నం మామ దాన్ని తుడవడానికి మంచం మీద తువ్వాలు పరిచి, తూటాలు తీసి వరసగా పెట్టాడు. ఇంతలో కాలవ నీళ్ళ వంతు గురించి ఎవరో పిలిచారు. మామ లేచి బయటికి వెళ్ళాడు.

అంతకు రెండు రోజుల ముందే మేము ఆళ్ళగడ్డలో సినిమా చూసి వచ్చాం. నేను రివాల్వరు తీసుకున్నాను. తూటాలన్నీ తువ్వాలు మీద కళ్ళ ముందే వున్నాయి. ఇక భయమేమిటి? వేలి మీద తిప్పబోతే బరువుకు తిరగలేదు. గడప దగ్గర మా మామ కూతురు, తొమ్మిదేళ్ళది, గచ్చకాయలు ఆడుకుంటూ వుంది. "చేతులెత్తు!" అన్నాను. అది నవ్వుతూ రెండు చేతులూ ఎత్తింది. నొక్కాను. టిక్కుమంది. మళ్ళీ నొక్కాను. టిక్కుమంది. అది ఆట అయిపోయిందనుకుని, కింద పడ్డ గచ్చకాయ కోసం తల పక్కకు వంచింది. మూడోసారి నొక్కాను.

తువ్వాలు మీద వున్నవి అయిదు. ఆరోది పాతబడి, ఉబ్బి, గూట్లోనే పట్టుకుని వుండిపోయింది. మామ లెక్కపెట్టలేదు. నేను సినిమా చూసినవాణ్ణి, లెక్క నాకెందుకు?

తూటా దాని ఎడమ చెవి పక్కగా వెళ్ళి ద్వారబంధంలో దిగింది. నా చెవుల్లో రెండు రోజులు హోరు తప్ప ఏమీ లేదు. దాని చెవిలోంచి నెత్తురు కారింది. బండి కట్టించి ఆళ్ళగడ్డకూ, అక్కణ్ణుంచి నంద్యాలకూ తీసుకువెళ్ళారు. నెత్తురు ఆగింది. ఎడమ చెవి వినికిడి మాత్రం తిరిగి రాలేదు.

మామ నన్ను కొట్టలేదు. కొడితే బాగుండేది. అరుగు మీద కూర్చుని చాలాసేపటికి, "నీదేముంది లేబ్బీ, లెక్క జూసుకోకుండ లేసిపోయింది నేను గదా" అన్నాడు. మర్నాడే రివాల్వరు స్టేషనులో అప్పగించి, ఇక లైసెన్సు వద్దని రాసి ఇచ్చి వచ్చాడు. ద్వారబంధంలో ఆ చిల్లును పూడ్చనివ్వలేదు. ఇప్పటికీ వుంది.

ఆ పిల్లే మా ఆవిడ. భార్య ఎడమ పక్కన కూర్చోవడం ఆచారమని మా పెళ్ళిలో పురోహితుడు చెప్పాడు. మాకది ఆచారం కాదు, అవసరం. నేను కుడి పక్కన వుంటేనే ఆమెకు నా మాట వినిపిస్తుంది. సినిమా హాల్లోనూ అంతే. ఇన్నేళ్ళలో ఎవరైనా అడిగితే "చిన్నప్పుడు జ్వరం వచ్చింది" అని ఆమే చెబుతూ వచ్చింది. పిల్లలకూ అదే చెప్పింది.

తుపాకి పట్టేవాళ్ళకు నాలుగు నియమాలు వున్నాయి. ఏ తుపాకినైనా నిండినదిగానే చూడాలి. చంపదలచుకోనిదాని వైపు మూతి తిప్పరాదు. కాల్చే క్షణం దాకా ట్రిగ్గరు మీద వేలు పెట్టరాదు. గురి వెనక ఏముందో తెలుసుకోవాలి. మా వాడు చూసిన సినిమాలో హీరో మొదటి అయిదు నిమిషాల్లోనే నాలుగింటినీ తప్పాడు. అతనికేమీ కాలేదు. పెళ్ళిళ్ళలో ఆ వేషమే వేసి గాలిలోకి కాల్చేవాళ్ళ కోసం ఆయుధాల చట్టాన్ని 2019లో సవరించవలసి వచ్చింది. నిర్లక్ష్యంగా కాల్చి ఇతరులకు ముప్పు తెస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. పైకి వెళ్ళిన తూటా దిగి రాక తప్పదు మరి.

ఆ రాత్రి వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని జ్వరం సంగతి అబద్ధమని చెప్పాను. మొత్తం చెప్పాను. టిక్కులు కూడా చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "అమ్మ తల వంచకపోతే?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

పొద్దున లేచేసరికి బొమ్మ పిస్తోలు చెత్తబుట్టలో వుంది. మేమెవ్వరం పారెయ్యమనలేదు. వాడు వాళ్ళమ్మ కుడి పక్కకు చేరి కాఫీ తాగుతూ వున్నాడు. నేను ఎప్పటిలాగే అక్కడ కూర్చోబోతే మా ఆవిడ నవ్వి, "ఇవాళ్టికి ఆ చోటు వాడిది, బావా. నువ్వు కొంచెం గట్టిగా మాట్లాడు" అంది.